పిల్లలకోడి నీలం

గుణదల, విజయవాడ
జూన్ 24

అంకమ్మరావు గారికి,

అబ్రహాము నమస్కారాలు. నా పేరు చూడగానే ఈ కాగితం మడిచి పక్కన పెట్టేస్తారేమో. పెట్టేసినా కాసేపాగి మళ్ళీ తియ్యండి, పని చిన్నదే.

మీకు మూడుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లు మీ ఇంట్లోవాళ్ళు ఎత్తి, ఆయనకు ఫోన్లో వినపడదండీ అని చెప్పారు. మూడోసారి మీరే ఎత్తారు. వినపడకో, వినపడబట్టో పెట్టేశారు. నలభై ఏళ్ళు మగ్గాల చప్పుడులో కూర్చున్న మనిషికి ఉత్తరమే మర్యాద అని మా ఆవిడ సంపూర్ణమ్మ అంటే, పోస్టాఫీసుకు వెళ్ళి డజను కవర్లు కొనుక్కొచ్చాను. డజను ఎందుకండీ అని కౌంటర్లో అమ్మాయి నవ్వింది.

నేనెవరో మీకు తెలుసు. మా బ్లెస్సీ, మీ జ్ఞానేశ్వర్ రిజిస్టర్ పెళ్ళి చేసుకుని ఏడు నెలలైంది. కులమూ మతమూ కానిదాన్ని చేసుకుంటే వాడి మొహం చూడనని మీరన్నారనీ, వాడు ఆ రాత్రే బట్టల సంచీ, లాప్‌టాప్ మాత్రం తీసుకుని వచ్చేశాడనీ తెలుసు. దాని గురించి వాదించడానికి రాయడం లేదు.

వాళ్ళు బెంజ్ సర్కిల్ వెనక మూడో అంతస్తులో అద్దెకుంటున్నారు. మీవాడు ఆఫీసు నుంచి రాగానే బాల్కనీలో నిలబడి ఒక్కసారి పైకి చూసి లోపలికి వెళ్ళిపోతాడు. ఏమిటయ్యా అంటే, ఈ ఊళ్ళో ఆకాశం లేదు మామయ్య గారూ అంటాడు. మీ మేడ మీద టెలిస్కోపు పెట్టి పిల్లలకోడి చుక్కల్ని, అదే కృత్తికల్ని, ఇరవై గంటల పాటు ఫొటో తీయాలని మొదలుపెట్టాడట, సగంలో ఆగిపోయిందట. ఇది బ్లెస్సీ చెబితే తెలిసింది. వాడు ఆ మాటే ఎత్తడు. ఎత్తకపోవడమే నాకు బెంగగా ఉంది.

ఆ ఫైళ్ళు ఎప్పటికప్పుడు లాప్‌టాప్ నుంచి మీ ఇంట్లో పాత కంప్యూటర్లోకి మార్చి ఉంచేవాడని విన్నాను. నేను ముప్పై ఆరేళ్ళు ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. నల్లటి బొమ్మల్లోంచి తెల్లటివి పైకి తేవడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. ఆ ఫైళ్ళు పంపిస్తే ఉన్నంతవరకు ఒక బొమ్మ చేసి వాడికి చూపిస్తాను. వాడికి చెప్పి అడగడం లేదు. వాడు వద్దంటాడు.

ఇంకో కోరిక కూడా ఉంది, దాచను. ఎప్పుడో ఒకరోజు మీరు వాడి మొహం చూడాలని. అది ఈ ఉత్తరంతో అయ్యే పని కాదని తెలుసు.

మీ
అబ్రహాము


కప్పలదొడ్డి
జులై 3

అబ్రహాము గారికి,

ఉత్తరం అందింది. అందులో రాసిన మిగతా సంగతులతో నాకు నిమిత్తం లేదు.

ఆ కంప్యూటర్ మేడ మీద గదిలో చోటు ఆక్రమించి కూర్చుంది. నూలు పెట్టుకోడానికి చోటు లేదు. పాత ఇనుముకు వేద్దామనుకుంటున్నాను. పెడనలో కంప్యూటర్ షాపు పెట్టుకున్న నాని వచ్చి, ఉన్నవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. బస్సు పార్సిల్‌లో పంపుతున్నాను. టెలిస్కోపు టార్పాలిన్ కింద ఉంది. ఎవరికైనా కావాలంటే మంగళవారం వచ్చి పట్టుకెళ్ళవచ్చు. మంగళవారాలు నేను హనుమాన్ జంక్షన్ షావుకారు దగ్గరికి వెళతాను, ఇంట్లో ఉండను.

జవాబు అవసరం లేదు.

అంకమ్మరావు


గుణదల
జులై 20

బావగారికి నమస్కారాలు.

జవాబు వద్దన్నారు గనుక ఇది జవాబు కాదు, రసీదు. పెన్‌డ్రైవ్ అందింది. దాన్ని చుట్టిన తెల్లటి పంచె ముక్క అందింది. దాని పక్కనే ఉన్న దబ్బకాయ పచ్చడి సీసా కూడా అందింది. పచ్చడి ఎవరు పెట్టారో తెలియదు గానీ, సంపూర్ణమ్మ వేలితో రుచి చూసి, వదిన గారిది మంచి చెయ్యి అంది.

ఇక అసలు సంగతి. మొత్తం రెండు వందల నలభై ఫైళ్ళు. మొదట ఏదీ తెరుచుకోలేదు. ఇవి మామూలు ఫొటో ఫైళ్ళు కావు, ఫిట్స్ అని చుక్కలవాళ్ళకు వేరే రకం. దానికి తగ్గ సాఫ్ట్‌వేర్ వెతికి ఎక్కించుకునేసరికి వారం గడిచింది. తెరిస్తే ఏముంది, అన్నీ నలుపు. ఒకదాని తరువాత ఒకటి, రెండు వందల నలభై నల్లటి పలకలు. సంపూర్ణమ్మ చూసి, పాపం లెన్సు మూత తీయకుండా తీశాడేమో అంది.

నేను మాత్రం కంగారుపడలేదు. ఫైల్లో ఉన్న వెలుతురు చాలా కొంచెం, అదంతా అడుగున ఒక మూలకు చేరి ఉంటుంది. తెరకు అది కనపడదు. ఎక్స్‌రేలోనూ అంతే, పలుచటి ఎముక ఉన్నచోట తెర మీద వెలుతురు పెంచే పట్టీ జరుపుకుంటూ వెళితే మెల్లగా తేలుతుంది. అలాగే జరిపాను. మధ్యాహ్నం మూడింటికి, బయట ఎండకు వీధి అంతా తెల్లబోయి ఉంటే, నా తెర మీద ఏడు చుక్కలు లేచాయి. వాటి చుట్టూ నీలంగా పొగ. మా అమ్మ చూపించిన పిల్లలకోడే, కానీ దానికి ఈకలున్నాయని అమ్మకు తెలియదు. నేను కుర్చీలోనే కాసేపు కళ్ళు మూసుకున్నాను. మెలకువొచ్చేసరికి పొద్దు వాలిపోయింది. నిద్రలో కూడా ఆ నీలమే.

అది మొదటి తొంభై ఆరు ఫైళ్ళ సంగతి. మిగిలిన నూట నలభై నాలుగు మాత్రం మొండికేశాయి. వాటిల్లో నీలం రాదు. అంతా బూడిద, మధ్యమధ్య ఆకుపచ్చ మరక. దగ్గరకు లాగి చూస్తే సన్నటి గళ్ళు, లుంగీ గళ్ళలాగా. రెండు కట్టల్నీ కలిపి ఒకటి చేయబోతే, మొదటి కట్ట నీలం కూడా పోతోంది. ఎలా చేయాలో తోచడం లేదు.

మీ
అబ్రహాము


కప్పలదొడ్డి
జులై 28

అబ్రహాము గారికి,

బావగారు అనే పిలుపు మన మధ్య లేదు. ఉండాలంటే మధ్యలో ఒక కొడుకు ఉండాలి. నాకు లేడు.

పచ్చడి సంగతి నాకు తెలియదు. మా ఆవిడ వెంకటరావమ్మను అడిగితే తనకూ తెలియదంది.

కుదరని కట్టను అవతల పారెయ్యండి. తొంభై ఆరు చాలు.

అంకమ్మరావు

గళ్ళు అన్నారు. ఎంత గడి? నిలువూ అడ్డమూ సమానంగా ఉన్నాయా, అడ్డం వరసల్లోనే తేడా ఉందా? పనివాడికి ఆ మాత్రం చూడడం తెలియాలి.


గుణదల
ఆగస్టు 11

అంకమ్మరావు గారికి నమస్కారాలు.

సంతకం కింద మీరు రాసిన ఆ మూడు ముక్కలే నాకు ఉత్తరమంతా. వాటికే జవాబు రాస్తున్నాను. పైన రాసినదానికి బాధపడ్డాను, అదీ చెప్పేస్తున్నాను.

కట్టను పారెయ్యలేను. మీవాడు ఇరవై గంటలనుకున్నాడు. ఒక్కో ఫైలు అయిదు నిమిషాలది. తొంభై ఆరు అంటే ఎనిమిది గంటలే. మిగతా పన్నెండు గంటలూ ఆ నూట నలభై నాలుగులోనే ఉన్నాయి. ఎనిమిది గంటల బొమ్మలో కోడి ఉంది, ఈకలు సరిగా లేవు.

ఇందులో ఒక చిన్న మూలను పెద్దది చేసి, ప్రింటు తీయించి పెడుతున్నాను. మీ కళ్ళతో చూడండి. చూసే ముందు కెమెరా సంగతి కొంచెం. దాని లోపల గడులుంటాయి, ఒక్కో గడి ఒక్క రంగునే చూస్తుంది. పై వరసలో ఎరుపు, ఆకుపచ్చ, ఎరుపు, ఆకుపచ్చ. దాని కింది వరసలో ఆకుపచ్చ, నీలం, ఆకుపచ్చ, నీలం. మళ్ళీ మొదటిలాగే. ఫైల్లో రంగు ఉండదు, ఏ గడిలో ఎంత వెలుతురు పడిందనే అంకెలే ఉంటాయి. ఏ గడి ఏ రంగుదో సాఫ్ట్‌వేర్‌కు మనం చెబితే అది రంగు కడుతుంది. రెండు కట్టలకూ నేను చెప్పింది ఒక్కటే. ఒకదానికి కుదిరింది, రెండోదానికి కుదరలేదు.

ఇంకొకటి. రెండో కట్టలో కోడి తలకిందులుగా వచ్చింది. అదేమంత పెద్ద విషయం కాదు. ఎక్స్‌రే ఫిల్ము కడిగి ఆరబెట్టి, లైటు పెట్టె మీద తిరగబడి ఉంటే సరిచేసి పెట్టేవాణ్ణి. అలాగే రంగు కట్టాక నిలబెట్టాను.

మీకు మరో మాట కూడా చెప్పాలి. చెప్పాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. మా బ్లెస్సీకి మూడో నెల. ఈ బొమ్మ ఎందుకింత పట్టుదలగా చేస్తున్నానో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. పుట్టేవాళ్ళకు తాతగారి మేడ మీది ఆకాశమైనా ఉయ్యాల పైన ఉండాలని నా ఆశ.

మీ
అబ్రహాము


కప్పలదొడ్డి
ఆగస్టు 22

అబ్రహాము గారికి,

ప్రింటు చూశాను. పోగులు లెక్కపెట్టే భూతద్దం పెట్టి రెండు పూటలు చూశాను. కెమెరాలో తప్పు లేదు, ఫైళ్ళలో తప్పు లేదు. తప్పు మీది.

మగ్గం మీద మొదటి పేక పోగు, అంటే అడ్డం పోగు, నా పొట్ట దగ్గర పడుతుంది. బట్ట అక్కణ్ణుంచి అవతలికి పెరుగుతుంది. గ్రాఫు కాగితం మీద నెమలి బొమ్మ ఇస్తే మేం అడుగు గడి నుంచి చదువుతాం. పని కొత్తగా నేర్చుకునేవాళ్ళు పుస్తకం చదివినట్టు పైనుంచి చదివి, నెమలిని తలకిందులుగా నేసి తిట్లు తింటారు.

మీ రెండో కట్ట అడుగు నుంచి రాసింది. ఆ పాత కంప్యూటర్లో ప్రోగ్రాం వేరు, లాప్‌టాప్‌లోది వేరు. మీ సాఫ్ట్‌వేర్ రెండింటినీ పైనుంచే చదువుతోంది. కోడి తలకిందులుగా వచ్చినప్పుడే మీకు తెలియాల్సింది. మొత్తం వరసలు ఎన్ని? సరిసంఖ్య అయితే, అడుగు నుంచి రాసినదాన్ని పైనుంచి చదివినప్పుడు మొదట తగిలేది ఎరుపు వరస కాదు, నీలం వరస. మీరు దానికి ఎరుపని చెప్పి రంగు కట్టించారు. ప్రతి వరస రంగూ ఒక వరస కిందికి జరిగింది. గళ్ళు అందుకు వచ్చాయి. రంగు తప్పుగా కట్టాక ఎన్నిసార్లు నిలబెడితే ఏం లాభం? అద్దిన బట్టను తిరగేస్తే అద్దకం మారదు.

ముందు తిప్పండి. తరువాత రంగు కట్టించండి.

మూడో నెల అన్నారు. నీళ్ళు కాచి చల్లార్చి తాగమనండి. ఇది వెంకటరావమ్మ రాయమంది.

అంకమ్మరావు


గుణదల
సెప్టెంబర్ 5

అంకమ్మరావు గారికి నమస్కారాలు.

వచ్చిందండీ. నీలం వచ్చింది.

ముందు తిప్పి తరువాత రంగు కట్టమన్నారు. అంతే, ఒక్క మార్పు. నూట నలభై నాలుగూ ఒక్కొక్కటే బూడిదలోంచి లేచి నీలమయ్యాయి. రెండు కట్టలూ ఒకదాని మీద ఒకటి పరిస్తే చుక్క మీద చుక్క కూర్చుంది. ఇరవై గంటలూ కలిశాక ఆ నీలం ఎలా ఉందో చెప్పడం నాకు చేతకాదు. చుక్క నుంచి చుక్కకు దువ్వినట్టు సన్నటి పాయలు. చూస్తూ ఉంటే కుర్చీ, గది, వీధిలో ఆటో చప్పుడు అన్నీ దూరంగా జరిగిపోయాయి. ముప్పై ఆరేళ్ళు మనుషుల లోపలికి చూశాను గానీ ఇంత దూరం ఎప్పుడూ చూడలేదు. సంపూర్ణమ్మ పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది. ఎందుకే అంటే, ఏమో బాగుంది అంది.

ఇప్పుడు ఒక సంగతి అడుగుతాను, కోప్పడకండి. ఎక్స్‌రేవాడికి ఒక అలవాటుంటుంది. ముందు పేరు, తేదీ చూస్తాం. ఎముక తరువాత. ఒకరి ఫిల్ము ఇంకొకరికి వెళితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఫైళ్ళకూ మొదట్లో అలాంటి నాలుగు వరసలుంటాయి. ఏ రోజు, ఎన్నింటికి, ఎవరు తీశారు అని. ఇన్నాళ్ళూ రంగు గొడవలో పడి వాటిని చూడలేదు. నిన్న చూశాను.

అన్నిటి మీదా జ్ఞానేశ్వర్ పేరే ఉంది. మొదటి కట్ట నవంబర్ రెండు నుంచి పదిహేను వరకు. పద్దెనిమిదిన మీవాడు ఇల్లు వదిలాడు. రెండో కట్ట నవంబర్ ఇరవై ఏడున మొదలై ఫిబ్రవరి ఎనిమిదిదాకా ఉంది. జనవరి పన్నెండు రాత్రి తీసినవి పదకొండు ఫైళ్ళున్నాయి. ఆ రాత్రి జ్ఞానేశ్వర్ మా ఇంట్లో చేపల పులుసు తిని మా సోఫాలో నిద్రపోయాడు. దుప్పటి కప్పింది నేనే.

మరి మీ మేడ మీద ఆ పేరుతో కూర్చున్నది ఎవరు?

పాత కంప్యూటర్లో ప్రోగ్రాం వేరని మీకెలా తెలుసని కూడా అడుగుదామనుకున్నాను. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటేనేమో అనిపించింది.

మీ
అబ్రహాము


కప్పలదొడ్డి
సెప్టెంబర్ 12

అబ్రహాము గారికి,

బొమ్మ కుదిరినందుకు సంతోషం. ఆ కంప్యూటర్లో గడియారం ఎప్పుడో చెడిపోయింది. తేదీలు పట్టించుకోకండి.

అంకమ్మరావు


గుణదల
సెప్టెంబర్ 25

అంకమ్మరావు గారికి నమస్కారాలు.

గడియారం చెడుతుంది, ఒప్పుకుంటాను. చంద్రుడు చెడడు కదండీ. క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూశాను. రెండో కట్టలో ప్రతి పున్నమికీ ముందూ వెనకా అయిదారు రోజులు ఖాళీ, వెన్నెల్లో ఈ ఫొటోలు కుదరవు గనుక. ఆ తేదీలు నిజమైనవే.

మీరు చెప్పకపోతే మానె. ఈసారి నేనే ఒకటి చెబుతాను. ఇది బ్లెస్సీకి తెలియదు, జ్ఞానేశ్వర్‌కు తెలియదు. సంపూర్ణమ్మకు తెలుసు గానీ పైకి అనదు.

పిల్లల పెళ్ళి రోజు రిజిస్ట్రార్ ఆఫీసుకు నేను వెళ్ళలేదు. జ్వరమని పడుకున్నాను. జ్వరం లేదు. ఆదివారం చర్చిలో నలుగురూ ఏమడుగుతారో, ఏం చెప్పాలో అని దుప్పటి ముసుగేసుకున్నాను. బ్లెస్సీ పట్టుచీర కట్టుకుని వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉందని దానికి తెలిసే ఉంటుంది. పడుకో నాన్నా, సాయంత్రం వస్తాంలే అని వెళ్ళింది. సాక్షి సంతకం చేయాల్సిన చోట వాళ్ళ ఆఫీసులో ఎలీషా అనే అబ్బాయి చేశాడు.

అందరూ నన్ను మంచివాడంటారు. అల్లుణ్ణి కొడుకులా చూసుకుంటాడంటారు. మీరు చూడనని పైకి అన్నారు, నేను అనకుండా చూడలేదు. మన ఇద్దరిలో మీరే కొంచెం నిజాయితీపరులు. ఈ బొమ్మ మీద నేను కూర్చున్న గంటలన్నీ ఆ ఒక్క సంతకం కోసమే అనుకోండి.

ఇది మీకే ఎందుకు రాశానో తెలియదు. బహుశా మీకైతే అర్థమవుతుందని.

మీ
అబ్రహాము


కప్పలదొడ్డి
అక్టోబర్ 12

అబ్రహాము గారికి,

మీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది నాలుగోది.

వాడు వెళ్ళిన తొమ్మిదో రోజు టార్పాలిన్ సరిచేద్దామని మేడ ఎక్కాను. గాలికి ఎగిరి టెలిస్కోపు మీద మంచు పడుతోంది. తుడిచాను. తుడుస్తూ పైకి చూస్తే పిల్లలకోడి నడినెత్తిన ఉంది. వాడు వెళ్ళాడు గానీ అది వెళ్ళలేదు. అంతకు ముందు వాడి పక్కన చాలా రాత్రులు కూర్చున్నాను. ఏ బటన్ నొక్కాలో, చుక్కను ఎలా పట్టాలో, మంచు పడితే ఏం చేయాలో చూపించేవాడు. నాకు వినపడదని కాగితం మీద రాసి చూపించేవాడు. లాప్‌టాప్ వాడు పట్టుకెళ్ళాడు. పాత కంప్యూటర్‌కు తీగ తగిలిస్తే పనిచేసింది.

ఎనిమిది గంటలయ్యాయి, పన్నెండు కావాలి. ఆ కాగితం గోడకు అంటించే ఉంది. మగ్గం మీద సగం నేసిన చీరను వదిలేసి లేవడం మాకు తెలియదు. కోపం మనిషి మీద గానీ చీర మీద కాదు గదా అనుకున్నాను. మొదటి రాత్రి అలా అనుకునే కూర్చున్నాను. తరువాత అలా అనుకోవడం మానేశాను.

చలికాలమంతా కూర్చున్నాను. కోతలైపోయి చేలల్లో మినుము జల్లి ఉంది. వాటి మీద మంచు తెల్లగా పరుచుకుని, మా మేడ ఒక్కటే నీళ్ళ మధ్య పడవలాగా ఉండేది. నాకు చప్పుడు ఎటూ వినపడదు. కాసేపటికి చుక్కలు జరుగుతున్నాయో నేను జరుగుతున్నానో తెలిసేది కాదు. ఒక్కోసారి వాడు పక్కన కూర్చుని కాగితం మీద ఏదో రాస్తున్నట్టే ఉండేది. తల తిప్పి చూసేవాణ్ణి కాదు. చూస్తే ఉండడని తెలుసు. వెంకటరావమ్మ మెట్ల మీద టీ పెట్టి, మాట్లాడకుండా దిగిపోయేది.

పేరు సంగతి అడిగారు. ఆ ప్రోగ్రాం ప్రతి రాత్రీ మొదలుపెట్టగానే ఎవరు చూస్తున్నారని అడుగుతుంది. పేరు కొట్టకపోతే ముందుకు కదలదు. మా ఇంట్లో మా తాత నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. మగ్గం మీద పడుగు పోగులు ఎవరు ఎక్కించారో బట్ట మీద పేరు వాళ్ళదే. జబ్బుచేసో, చచ్చిపోయో మధ్యలో ఆగిపోతే, మిగిలినది ఇంకొకరు నేసినా పేరు మారదు. పడుగు వాడు ఎక్కించాడు. అందుకని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుని వాడి పేరు కొట్టాను. కొడుకు లేడని పగలంతా ఊళ్ళో చెప్పి, రాత్రి మేడెక్కి వాడి పేరు కొట్టేవాణ్ణి. నాకు సిగ్గుగా ఉండేది. అయినా మానలేదు.

ఫిబ్రవరి ఎనిమిదిన పన్నెండు గంటలు నిండాయి. ఆ రోజు కిందికి దిగి ఏడ్చాను. ఇక మేడెక్కడానికి కారణం లేదు.

ఇదంతా వాడికి చెప్పవద్దు. మీ నోటితో చెప్పనని మాటివ్వండి. చేసిన తప్పుకు నాన్న జాలి పుట్టించుకుంటున్నాడని అనుకుంటాడు.

మీరు జ్వరమని పడుకున్న సంగతి నాతోనే ఉంటుంది. ఆ అమ్మాయి నుదుటి మీద చెయ్యి వేసి, తెలిసీ ఏమీ అనకుండా వెళ్ళిందన్నారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

అంకమ్మరావు


గుణదల
అక్టోబర్ 27

అంకమ్మరావు గారికి నమస్కారాలు.

నా నోటితో చెప్పలేదు. బైబిల్ మీద ఒట్టు. కానీ జరిగింది రాయక తప్పదు.

మొన్న ఆదివారం బొమ్మను లాప్‌టాప్‌లో వేసుకుని బెంజ్ సర్కిల్ దగ్గర వాళ్ళింటికి వెళ్ళాను. భోజనాలయ్యాక జ్ఞానేశ్వర్ ముందు పెట్టి తెరిచాను. వాడు తెరను దగ్గరికి లాక్కుని, చుక్క చుక్కనూ పెద్దది చేసి చూశాడు. ఎన్ని గంటలదండీ అన్నాడు. ఇరవై అన్నాను. నేను తీసింది ఎనిమిదే మామయ్య గారూ, అన్నాడు.

నేను లేచి మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. నా నోటితో చెప్పకూడదనుకున్నాను గానీ, ఫైళ్ళ మీద రాసి ఉన్నది చెరిపెయ్యాలనుకోలేదు. మీరూ చెరపమనలేదు. వాడే జాబితా తెరిచి చదువుకున్నాడు. నవంబర్ ఇరవై ఏడు. డిసెంబర్ ఒకటి. జనవరి పన్నెండు. ప్రతి తేదీకీ ఎదురుగా వాడి పేరు. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. బ్లెస్సీ వెనక నిలబడి వాడి భుజం మీద చెయ్యి వేసింది.

"పోయిన చలికాలం మంచు ఎక్కువ. నాన్న మఫ్లర్ కట్టుకున్నాడో లేదో" అన్నాడు. మళ్ళీ మొదటి ఫైలు నుంచి చదవడం మొదలుపెట్టాడు.

జాలి అనుకోలేదండీ. మీరు భయపడినట్టు ఏమీ అనుకోలేదు. సాయంత్రం నన్ను కిందిదాకా దిగబెట్టడానికి వచ్చినప్పుడు మాత్రం ఒక మాట చెప్పాడు. నేను వెళ్ళి గుమ్మంలో నిలబడితే నాన్న లేచి లోపలికి వెళ్ళిపోతే తట్టుకోలేను మామయ్య గారూ, ఒక్క మాట ఆయన అంటే ఎగురుకుంటూ వెళతాను అని. ఆ మాట నేను అనలేను. నా దగ్గర ఉన్న పని అయిపోయింది. మిగిలింది మీ దగ్గరే ఉంది.

ఒకటి మాత్రం అడగాలి. ఇన్ని ఉత్తరాలు రాశారు. మా అమ్మాయి పేరు ఒక్కసారి కూడా రాయలేదు. పుట్టబోయేది దానికి కూడా కదండీ. వాణ్ణి ఒక్కణ్ణే పిలిచేటట్టయితే పిలవకండి. ఇది తండ్రిగా చెబుతున్నాను, ఈసారి దుప్పటి ముసుగెయ్యను.

డజను కవర్లలో ఇంకా ఆరు మిగిలాయి.

మీ
అబ్రహాము


కప్పలదొడ్డి
నవంబర్ 8

బావగారికి,

నమస్కారాలు. చెల్లెమ్మను అడిగానని చెప్పండి.

మా మేడ మెట్లు మీరు చూడలేదు. నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. మా తాత కట్టించినవి. పట్టుకోడానికి ఏమీ ఉండదు. ఇన్నేళ్ళూ ఆ సంగతి నాకు పట్టలేదు. మొన్న సోమవారం పెడన నుంచి మనిషిని పిలిపించి, కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా ఇనుప గొట్టం వేయించాను. చివర మలుపు దగ్గర కొంచెం కిందికి కూడా వేయించాను, చిన్నవాళ్ళ చేతికి అందేట్టు. వెంకటరావమ్మ రెండుసార్లు ఎక్కి దిగి బాగుందంది. ఆరో నెల మనిషి నెమ్మదిగా ఎక్కవచ్చు. పైన ఆనుకోడానికి పాత పడక కుర్చీ కడిగించి వేశాను.

వచ్చే శనివారం నుంచి చంద్రుడి వెలుతురు ఉండదు. మంగళవారం వద్దు. నేను ఇంట్లో ఉండే రోజే రావాలి.

నిన్న సాయంత్రం టార్పాలిన్ తీశాను. అద్దం తుడిచాను. తీగలు తగిలించాను. పిల్లలకోడి తూర్పున తాటిచెట్ల మీదికి వచ్చింది. ప్రోగ్రాం తెరిస్తే ఎప్పటిలాగే ఎవరు చూస్తున్నారని అడిగింది. నేను కొట్టలేదు. ఆ గడి ఖాళీగానే ఉంచాను. కంప్యూటర్ ఆపకుండా దాని మీద తువ్వాలు కప్పి కిందికి వచ్చేశాను.

బ్లెస్సీని, జ్ఞానేశ్వర్‌ను వచ్చి, వాళ్ళ పేర్లు వాళ్ళనే కొట్టుకోమనండి.

మీ బావ
అంకమ్మరావు

మఫ్లర్ కట్టుకున్నానని వాడికి చెప్పండి.